బండి స్టార్టయిన రోజు

"ఈ ప్లగ్గులు ఏడ పెట్టాలె రావుసాబ్?" అని బాబురావు అడిగేసరికి విఠల్‌రావుకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

పెట్రోలు బండికైతే స్పార్కు ప్లగ్గులుంటాయి. డీజిల్ ఇంజనుకు అవే ఉండవు. ఆ సంగతి విఠల్‌రావుకూ నిన్న మొన్నటిదాకా తెలియదు, ఎవరో లారీ డ్రైవరు చెబితే తెలిసింది. కానీ బండి కొన్నవాడికి తెలియొద్దా?

"గంత కూడ తెల్వనోనివి బండెందుకు కొన్నవయా?"

"ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న గద సాబ్," అంటూ బాబురావు ప్లగ్గులు జేబులో వేసుకున్నాడు.

బాబురావు విఠల్‌రావు ఇంట్లో కిరాయిదారు. నిజామాబాద్ వైపు నుంచి వచ్చి సర్కారు ఆఫీసులో అటెండరుగా చేరాడు. ఇస్త్రీ చేసిన ఖాకీ బట్టలు, సైకిలు, టిఫిన్ డబ్బా. వాకిట్లోని రెండు గదులు ఖాళీ చెయ్యమని విఠల్‌రావు ఏడాదిగా మొత్తుకుంటున్నాడు. వరంగల్‌లో ఉన్న కొడుకు శ్రీనివాస్ పెళ్లాంతో సహా బదిలీ మీద వస్తున్నాడు. బోనాల లోపు గదులు ఖాళీ కాకపోతే సైదాబాద్‌లో వేరే ఇల్లు చూసుకుంటానని తెగేసి చెప్పాడు. ఒక్కగానొక్క కొడుకు వేరు కాపురం పెడితే లాల్‌దర్వాజాలో తలెత్తుకు తిరగడం ఎలా?

ఆ కడుపుమంటతో విఠల్‌రావు నల్లా బంద్ చేశాడు. కరెంటు తీగ పీకించాడు. బాబురావు భార్య కాశమ్మ వీధి పంపు నుంచి బిందెలు మోస్తూ, అందరికీ వినపడేలా శాపనార్థాలు పెట్టింది. బాబురావు మాత్రం కదల్లేదు.

ఉగాది వెళ్లాక మరీ విడ్డూరం చేశాడు. ఎక్కడో తుక్కు కింద కొన్న పాత డీజిల్ పికప్‌ను ఎద్దులతో లాగించుకొచ్చి వాకిట్లో నిలబెట్టాడు. విఠల్‌రావు రంకెలకు గల్లీ అంతా పోగైంది. పెద్దమనుషులు ఇద్దరినీ మహంకాళి గుడి ముందుకు తీసుకెళ్లారు.

బాబురావు కర్పూరం ఆర్పి ఒట్టేశాడు. "ఈ బండి నా చేతుల మీద స్టార్టయిన రోజే, గిదే బండిల సామాన్ ఏసుకుని ఎల్లిపోత. అమ్మ తోడు."

"అందాక నిన్ను ఎల్లగొట్టను," అని విఠల్‌రావూ ఒట్టేశాడు. పది పదిహేను రోజుల పనేనని లారీ డ్రైవరు చెప్పి ఉన్నాడు మరి.

అక్కణ్ణుంచి మొదలైంది భాగోతం. బాబురావు ఫిల్టరు తలకిందులుగా బిగించాడు. పైపులు అటుదిటు, ఇటుదటు కలిపాడు. ఇంజను ఒకసారి ఖళ్లుఖళ్లుమని దగ్గి నల్లటి పొగ వదిలితే, విఠల్‌రావు పరుగున వచ్చి కొబ్బరికాయ కొట్టాడు. చిప్పలు కింద పడకముందే ఇంజను ఆగిపోయింది.

"లైన్ల గాలి పట్టింది సాబ్. ఎట్ల తీస్తరో ఏమో!"

అదీ విఠల్‌రావే అడిగి తెలుసుకొచ్చాడు. జన్మలో ఫైళ్లు తప్ప ముట్టని మనిషి, బండి కింద దూరి, డీజిల్‌లో బుడగలు ఆగేదాకా ఇంజను చేతిపంపు కొట్టాడు. పంచె మసిబారింది. భార్య అహల్య గడప తొక్కనివ్వలేదు.

"నీకంటె ఎద్దు నయం. ఒక్కసారి చెప్తె ఇంటది," అని బాబురావు మీద విరుచుకుపడ్డాడు.

"ఎద్దుకు కిరాయి గది అక్కర్లేదు గద సాబ్."

ఇంతలో బాబురావుకు ఇంకో ఆలోచన వచ్చింది. తమ ఇనుప బీరువా బండిలో పట్టదట. బాడీ పొడుగు చెయ్యాలట. విఠల్‌రావు పళ్లు నూరాడు. పీడ విరగడైతే చాలని, కొడుకు గదికి తలుపులు చేయించడానికి దాచిన టేకు పలకలు తెచ్చి ముఖాన కొట్టాడు. బాబురావు వాటిని వంకరగా కోసి, మళ్లీ కోసి, మళ్లీ కోశాడు.

"ఇగ నాతోని కాదు. ఇంజన్ మిస్త్రీని పిలుస్త!"

"ఒట్టు నా చేతుల మీద సాబ్," అన్నాడు బాబురావు భయంగా. "ఇంకోని చెయ్యి పడితె అమ్మ ఊకుంటదా?"

ఆషాఢం వచ్చింది. గుడి మీద వేపతోరణాలు కట్టారు. శ్రీనివాస్ సైదాబాద్‌లో ఇల్లు చూడడానికి వస్తున్నట్టు కబురు వచ్చింది. విఠల్‌రావు తెగించాడు. మిస్త్రీ వచ్చి బండి రోగం కుదిర్చి పోతాడు. సాయంత్రం చావి తిప్పేది బాబురావే. ఒట్టు ఎక్కడ తప్పినట్టు?

బాబురావు ఆఫీసుకూ, కాశమ్మ గుడికీ వెళ్లగానే శాలిబండ నుంచి దుర్గయ్య మిస్త్రీని వెంటబెట్టుకొచ్చాడు. చచ్చిన ఇంజనునైనా లేపుతాడని దుర్గయ్యకు పేరు.

"మా కిరాయిదారు ఖరాబ్ చేసిండు. అటెండరు. పానా పట్టుడు కూడ రాదు వానికి. సాయంత్రానికి బండి లేవాలె, నువ్వేం అడిగితె అదిస్త."

దుర్గయ్య బానెట్ ఎత్తాడు. డీజిల్ పైపు ఒకటి విప్పి, లోపల ఎవరో కుక్కిన గుడ్డముక్క చూసి, ముసిముసిగా నవ్వి, మళ్లీ బిగించేశాడు. తర్వాత పంపు మీదికి వంగాడు. దాని బోల్టులు ఊడకుండా ఇత్తడి తీగను సన్నటి జడలా అల్లి కట్టి ఉంది. దుర్గయ్య ఆ జడను వేలితో తడిమి చూశాడు. నవ్వు ఆగిపోయింది. చెప్పులు విడిచి, బానెట్ మెల్లగా మూసి, సామాన్ల సంచీ భుజాన వేసుకున్నాడు.

"ఏందయా, పోతున్నవ్? బండి లేస్తదా, లెవ్వదా?" అని అరిచాడు విఠల్‌రావు.

దుర్గయ్య రెండు చెవి తమ్మెలూ ముట్టుకుని, బండికి దండం పెట్టి, "ఈ జడకట్టు నిజామాబాద్‌ల నాకు పని నేర్పిన బాబురావు ఉస్తాద్‌ది సాబ్, ఆయన కావాలని బంద్ పెట్టిన ఇంజన్ మీద నేను చెయ్యెయ్యను," అన్నాడు.