మబ్బుకోడి కోసం

“ష్! ఊపిరి కూడా మెల్లగా,” అంది పెద్ద మేడం.

జమ్ముగడ్డి మధ్య కట్టిన మంచె మీద బయాలజీ టీచర్ బిగుసుకుపోయి కూర్చుంది. పక్కన ఫిజిక్స్ మాస్టారు. అప్పుడే తెల్లవారుతోంది. చిత్తడినేల మీద పొగమంచు మీగడ తరకలా తేలుతోంది. పెద్ద మేడం రెండు అరచేతులూ నోటి దగ్గర దోసిలిగా చేర్చి కూత పెట్టింది. ఖాళీ కుండలోకి ఊదినట్టున్న ఆ కూత నీళ్ళ మీదుగా వెళ్ళి ఎక్కడో కరిగిపోయింది. ఆమె తల వంచి చాలాసేపు విన్నది.

“జవాబొచ్చిందా మేడం?” అని మాస్టారు అడిగాడు.

“వింటూ ఉండాలి,” అందామె.

హైస్కూలు సైన్స్ టీచర్లకు ప్రకృతి సంరక్షణ మీద వేసవి శిక్షణ అది. వచ్చిన రోజే శిబిరం నడిపే పెద్ద మేడం ఒక్కటే పని చెప్పింది. “మబ్బుకోడి కోసం కూర్చోండి. మబ్బు రంగు ఒళ్ళు, ఎర్రటి కాళ్ళు. మహా బిడియం దానికి. కదిలితే రాదు, మాట్లాడితే రాదు. కూర్చున్నంతసేపూ ఇంకేం కనబడినా సాయంత్రం వచ్చి నాకు చెప్పండి.”

బయాలజీ టీచర్‌ని బడిపిల్లలు చాటుగా ‘గంట’ అంటారు. ఆమె గొంతు అలాంటిది. ఆహారపు గొలుసును ఏళ్ళ తరబడి నల్లబల్ల మీద గీసీ గీసీ ఆమెకు పాఠమంటేనే విసుగొచ్చింది. విద్యాశాఖ ఆఫీసులో కుర్చీ ఉద్యోగం సిద్ధంగా ఉంది. సెలవులైపోగానే వెళ్ళి చేరడమే. మధ్యలో తగిలిన తలనొప్పి ఈ శిక్షణ.

మొదట్లో కాళ్ళు తిమ్మిరెక్కాయి. దోమలు ఒళ్ళంతా పొక్కించాయి.

“పెళ్ళయిన కొత్తలో మా ఆయన కోసం కూడా ఇంతలా ఎదురుచూళ్ళేదండీ,” అని గొణిగింది. మాస్టారు నవ్వాపుకోలేకపోయాడు. మంచె ఊగింది. కొంగలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి.

తర్వాత్తర్వాత, ఎప్పటినుంచో తనకే తెలియకుండా, ఆమె మాటలు తగ్గిపోయాయి. నీళ్ళలోంచి పాకి జమ్ముకాడ ఎక్కిన పురుగు వీపు చీల్చుకుని తూనీగై బయటికి రావడం, తడి రెక్కలు ఆరేదాకా ఓపిగ్గా వేలాడటం చూసింది. నీటికుక్క తన పిల్లను నోట కరుచుకుని ఈదుకుపోవడం చూసింది. కప్పను పాము పట్టింది. పాము ఇంకా మింగుతుండగానే గద్ద దాన్ని ఎత్తుకుపోయింది. ఇన్నాళ్ళూ తను సుద్దముక్కతో గీసిన బాణం గుర్తులు అవేనని తోచి టీచర్ నోరు తెరుచుకుని ఉండిపోయింది. నిద్రలో నడుస్తున్నట్టు దిగివచ్చేది మంచె మీంచి.

“ఏంటోయ్, గొంతే వినబడ్డం లేదు. ఒంట్లో బాగా లేదా?” అని భర్త ఫోన్లో కంగారుపడ్డాడు.

“బాగున్నానండీ. చాలా బాగున్నాను,” అందామె గుసగుసగా.

సాయంత్రాలు పెద్ద మేడం పక్కన చేరి అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేది. “మబ్బుకోడి మాత్రం కనబడలేదు మేడం.”

“దానికేం గానీ, ఆ తూనీగ సంగతి మళ్ళీ చెప్పండమ్మా.”

ఒకనాడు ఫిజిక్స్ మాస్టారు పరుగున వచ్చాడు. “మేడం! నేను చూశాను!”

పెద్ద మేడం చేతిలోని టీ చీర మీద ఒలికిపోయింది. ఆమెకు తెలియనే లేదు.

“ఎక్కడ? మెడ ఎలా పెట్టింది? ఒక్కటేనా, జతగా ఉందా?”

ఆ గొంతులోని వణుకు విని మాస్టారు నీళ్ళు నమిలాడు. “సారీ మేడం. నేను చూళ్ళేదు. ఉత్త చేతుల్తో వెళ్ళడం నామోషీ అనిపించి...”

ఆమె అప్పుడు చూసుకుని, ఒలికిన టీని కొంగుతో తుడుచుకుంటూ నవ్వింది. “పర్లేదు మాస్టారూ. ఇంకెప్పుడూ అలా అనకండి. గుండె ఆగినంత పనైంది నాకు.”

శిక్షణ ముగిసింది. బస్సెక్కబోతూ టీచర్ వెనక్కి వచ్చి పెద్ద మేడం చేతులు పట్టుకుంది.

“ఆఫీసు ఉద్యోగం వద్దని చెప్పేశాను మేడం. వచ్చే వేసవికి మా బడిపిల్లల్ని వెంటబెట్టుకొస్తాను. మబ్బుకోడి వచ్చేదాకా కదలం.”

“రండమ్మా,” అంది పెద్ద మేడం. “తప్పకుండా వచ్చి కూర్చోండి.”

బస్సు మలుపు తిరిగింది. పెద్ద మేడం తమ్ముడు, శిబిరంలో వంట చూసేవాడు, తడి చేతులు తుడుచుకుంటూ పక్కకు వచ్చి నిలబడ్డాడు.

“ఈవిడకైనా చెప్పాల్సిందక్కా.”

“చెబితే ఎవరు కూర్చుంటారురా?” అందామె నీళ్ళకేసి చూస్తూ.

ఆఖరి మబ్బుకోడి ఏనాడో ఆమె ఒడిలోనే కన్నుమూసింది.