మొద్దుల మడుగు

“కనిపిచ్చినాడా అన్నా?”

ఆదివారం సాయంత్రం వెంకటగిరియప్ప భుజాన్నుంచి గాలాల సంచి దించకముందే నంజమ్మ ఈ మాట అడుగుతుంది.

“లేదమ్మా,” అంటాడు.

వినగానే ఆమె ముఖం తేటపడుతుంది. కుంకుమబొట్టు చెదరకుండా కొంగుతో చెమట తుడుచుకుని, కాఫీ కలపడానికి లోపలికి పోతుంది. మూడేళ్లుగా ఇదే వరస.

నంజమ్మ మొగుడు మునిరాజు. బొమ్మనహళ్ళిలో అతనిదీ వెంకటగిరియప్పదీ పక్కపక్క దుకాణాలు. మునిరాజుది టైలరింగు, వెంకటగిరియప్పది గుండీలు, జిప్పులు. వారమంతా గార్మెంట్సు వాళ్లతో గొంతు చించుకోవడం, ఆదివారం వస్తే హోసూరు రోడ్డు దాటి గంటన్నర దూరంలో ఉన్న రిజర్వాయరుకు పోవడం. గుండ్రటి పుట్టి పడవలో కూర్చున్నాక ఇద్దరికీ లోకంతో పని లేదు. రాగిపిండి ముద్ద గాలానికి గుచ్చి వేసి, బెండు మునిగేదాకా నోరు మూసుకుని ఉండేవాళ్లు. బొచ్చె చేప ఒక్క లాగు లాగితే అరచేతిలో దారం చుర్రుమనేది. ఆ చుర్రు కోసం సొంతవాళ్ల పెళ్లిళ్లకు కూడా డుమ్మా కొట్టిన ఘనులు.

మునిరాజుకు దాంతోపాటు సముద్రం పిచ్చి కూడా పట్టింది.

“మల్పె రేవు నుంచి పడవలో లోపలికి పోతే, ఒక్కో చేప భుజం ఊడబెరుకుతుందంటప్పా,” అనేవాడు.

అన్నట్టే పోవడానికి సిద్ధమయ్యాడు. లావు గాలాలు, సీసపు గుండ్లు, సముద్రపు దారం, ఆఖరికి ఎండకని ఒక టోపీ కూడా కొన్నాడు. ప్రయాణం ఇంకో వారం ఉందనగా, రిజర్వాయరులో పెద్ద బొచ్చెను లాగుతూ పుట్టిలోంచి పడిపోయాడు. వెంకటగిరియప్పకు ఈత రాదు. తెడ్డు చాపాడు. అందలేదు.

ఈతగాళ్లు రెండు రోజులు వెతికారు. శవం దొరకలేదు. గట్టు మీద నంజమ్మ ఏడవలేదు. మునిరాజు అక్క గాజుల సంగతి ఎత్తబోతే, నంజమ్మ వచ్చి వెంకటగిరియప్ప చేయి పట్టుకుంది.

“నేను చూడనన్నా. చూడనంతవరకు ఆయప్ప ఏడో ఒక తావ ఉండాడు. శవాన్ని చూసిన పొద్దు నేనూ ఆ నీళ్లల్లోనే.”

ఊరికే నోటికొచ్చింది అనే మనిషి కాదామె.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం వెంకటగిరియప్ప ఒక్కడే పోతున్నాడు. స్నేహితుడంటే ఇట్లా ఉండాలని బజారంతా మెచ్చుకుంది. రాగిముద్దలు నంజమ్మే చేసి డబ్బాలో పెట్టి ఇస్తుంది. ఇప్పటికీ ఇద్దరికి సరిపడా చేస్తుంది.

అతను కూర్చునేది మొద్దుల మడుగు దగ్గర. రిజర్వాయరు కట్టినప్పుడు మునిగిపోయిన తోపు తాలూకు మొద్దులు అక్కడ నీళ్ల కింద ఉన్నాయి. లోతు ఎక్కువ. పొద్దున వేసిన గాలం సాయంత్రం దాకా అక్కడే ఉంటుంది. చేప పడితే విప్పి వదిలేస్తాడు. ఆ నీళ్ల చేప ఇక అతని గొంతు దిగదు.

కలలో మునిరాజు వస్తాడు. మంచం కాళ్ల దగ్గర నీళ్లోడుతూ నిలబడతాడు. తిట్టడు, ఏడవడు.

“బరువుగా ఉండాదప్పా,” అంటాడు. అంతే.

వెంకటగిరియప్ప లేచి కూర్చుని ఏడుస్తాడు.

ఈ ఆదివారం మడుగు దగ్గరికి ఇంకో పుట్టి వచ్చింది. అందులో హూడి నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ మనిషి, హేమంత్‌కుమార్. నీళ్ల అడుగున చేపల్ని చూపించే మిషనొకటి ఒళ్లో పెట్టుకున్నాడు.

“అంకుల్, మీ ఫ్రెండ్ సంగతి గట్టు మీద చెప్పారు. వెరీ సారీ. నేను హెల్ప్ చేస్తాను. దీంట్లో అడుగు దాకా కనిపిస్తుంది.”

“వద్దు నాయనా. ఈడంతా చెట్ల మొద్దులే. నీ దారం తెగిపోతాది.”

“జస్ట్ చూస్తాను అంకుల్.” మిషను కీచుమంది. హేమంత్ ముందుకు వంగాడు. “ఇక్కడ, మొద్దు పక్కన ఏదో ఉంది. హుక్ వేసి లాగి చూద్దామా?”

వెంకటగిరియప్ప తన గాలాన్ని పైకి లాగి సరిగ్గా ఆ చోటికే విసిరాడు.

ఒకరి దారం దిగిన చోట ఇంకొకరు వేయకూడదు. అక్కడికి వచ్చే గాలగాళ్లందరూ పాటించే మర్యాద అది. కొత్తవాడైనా హేమంత్‌కూ తెలుసు.

“అదీ మొద్దే నాయనా,” అన్నాడు వెంకటగిరియప్ప. “మూడేండ్లు వెతికినోణ్ణి. నాకు తెలీదా?”

హేమంత్ ముఖం చిన్నబోయింది. తెడ్డు వేసుకుంటూ అవతలికి పోయాడు. అతను గట్టెక్కి కారులో వెళ్లిపోయేదాకా వెంకటగిరియప్ప దారం తీయలేదు.

“కనిపిచ్చినాడా అన్నా?”

“లేదమ్మా.”

నంజమ్మ ముఖం తేటపడింది. కాఫీతో పాటు, అటక మీద ఉన్న మునిరాజు సంచిని తెచ్చి అతని ముందు పెట్టింది.

“బేజారైపోయినావన్నా. ఒకతూరి ఆ సముద్రానికి పోయిరా. రేపు ఆయప్ప వస్తే దారి చూపిచ్చేకి ఒకరుండాల కదా.”

ఒక్కొక్కటే బయటికి తీసింది. గాలాలు. చీటీ కూడా చింపని టోపీ. దారం కండె.

“ఈ దారం సగమే ఉండాది. ఒక్కోటి కిలో తూగే సీసపు గుండ్లు పది కొనింటే, పదీ లేవు. ఆ పొద్దు నీకు చూపిచ్చల్లని ఈ సంచిలోనే ఎత్తుకొని పోయినాడే.”

“నీళ్లల్లో పడిపోయింటాయమ్మా,” అన్నాడు వెంకటగిరియప్ప, కాఫీ గ్లాసులోకి చూస్తూ.

పుట్టిలోంచి పడిన మూడోనాడు పొద్దు పొడవకముందే మొద్దుల మధ్య తేలిన మునిరాజును, ఆ గుండ్లు పదీ ఆ దారంతోనే నడుముకు కట్టి, మళ్లీ మడుగులోకి దింపింది అతనే.