పదకొండు మంది

సత్తెమ్మకు అన్నవాహికలో అరుదైన క్యాన్సర్. ఆపరేషనో, రేడియేషనో మీరే తేల్చుకొమ్మన్నాడు డాక్టర్. కొడుకు వేణు గచ్చిబౌలి ఆఫీసుకు సెలవు పెట్టి, వారం రోజులుగా ఇదే జబ్బు వచ్చినవాళ్ళ వివరాలు నెట్‌లో వెతికి ఎక్సెల్ షీటు నింపుతూనే ఉన్నాడు.

"ఎంత వెతికినా ఆపరేషనైనోళ్ళు పదకొండు మందే దొరికిన్రు. రేడియేషన్ తీసుకున్నోళ్ళు తొమ్మిది మంది. బాగైనోళ్ళు అటూ సగమే, ఇటూ సగమే. గింత లెక్కతోని ఏం తేలుతదమ్మా?" ల్యాప్‌టాప్ దబ్బున మూశాడు.

నానక్‌రామ్‌గూడ ఆటోల అడ్డా దగ్గర ఇరవై ఏళ్ళుగా అరటిపండ్లు అమ్ముతున్న సత్తెమ్మ, మింగుడుపడని గంజి గ్లాసు పక్కన పెట్టింది.

"నన్ను ఆపరేషన్ దిక్కు రాస్కో బిడ్డా."

"అండ్ల ఏం ఎక్కువుందని?" విసుక్కున్నాడు వేణు.

"ఏం లేదు. రేపు ఇంకో కొడుకు గిట్లనే పరేషానై వెతుకుతడు. వానికి డజను మందన్న దొరుకుతరు."