శనివారం కారు

"అంకుల్, టెస్ట్ డ్రైవ్ ఉందా?"

షోరూం వాకిట్లో కొత్త త్రీ సిరీస్ కారు పక్కన, తెల్లచొక్కా మీద టై కట్టుకుని, తాళంచెవి చేత పట్టుకుని నిలబడ్డ పెద్దాయనను మజహర్ ఇంగ్లీషులో అడిగాడు.

ఆయన అటూ ఇటూ చూశాడు. తననే అడుగుతున్నారని తేల్చుకోవడానికి కాస్త సేపు పట్టింది.

మజహర్, మాజిదా ఇంట్లో ఉర్దూ మాట్లాడుకుంటారు. ఎదుటివాళ్ళకు అర్థం కాకూడదంటే మాత్రం వరంగల్ తెలుగులోకి దిగుతారు.

"సేల్స్‌మన్ మెత్తగనే ఉన్నడు. పెట్రోలు వాళ్ళదే, ఒక చక్కర్ కొట్టొద్దాం," అన్నాడు మజహర్ భార్యతో.

పెద్దాయన మొహం విచ్చుకుంది.

"తెలుగోళ్ళా! ఎక్కండమ్మా, ఎక్కండి. మకాన్ అయిందా?"

"అయింది అంకుల్. బుకిట్ పంజాంగ్‌ల, మూడు గదులది."

మకాన్ అంటే ఉర్దూలో ఇల్లు, మలయ్ భాషలో భోజనం. ఆ తేడా తేలి ముగ్గురూ నవ్వుకునేసరికి కారు పెద్దరోడ్డు ఎక్కేసింది.

ఆయన పేరు పరశురాముడు. మలేసియాలో పుట్టిన తెలుగువాడు.

మజహర్ ఇక్కడి లైసెన్సు పరీక్షలో అప్పటికి రెండుసార్లు తప్పాడు. కాబట్టి టెస్ట్ డ్రైవ్ అంటే ఆయన నడపడం, వీళ్ళు కూర్చోవడం.

అది రెండువేల సంవత్సరం. సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఇద్దరు కలిస్తే కార్ల గురించే మాట్లాడుకుంటున్న రోజులు. మజహర్ ఒక నోటుబుక్కు పెట్టాడు. త్రీ సిరీస్‌కో పేజీ, బెంజి సి క్లాసుకో పేజీ, ఆడి ఎ ఫోర్‌కో పేజీ. మలుపులో ఎంత ఒరిగింది, సున్నా నుంచి వందకు ఎన్ని సెకన్లు, అన్నిటికీ మార్కులు.

మాజిదాకు సెకన్లతో పనిలేదు. పొద్దున ఎనిమిదికి భర్త గడప దాటితే, మళ్ళీ అతను వచ్చేదాకా ఆమెతో మాట్లాడేది అంతస్తు నంబర్లు చెప్పే లిఫ్టు ఒక్కటే.

మిగతా కార్లు ఒక్క చుట్టుతో సరి. పరశురాముడు మాత్రం వచ్చే శనివారం కూడా వస్తానన్నాడు. వచ్చాడు. ఆపై శనివారమూ వచ్చాడు.

చాంగీ సముద్రం చూపించాడు. వుడ్‌ల్యాండ్స్ తీసుకెళ్ళి, వంతెన అవతల తను పుట్టిన దేశం చూపించాడు.

'కస్టమర్ సర్వీసు: పదికి పది' అని రాసుకున్నాడు మజహర్.

ధర అడిగితే మాత్రం పరశురాముడు, "అవన్నీ షోరూంవాళ్ళు చెప్తారబ్బాయి," అనేవాడు.

మాజిదాకు నెల తప్పిన సంగతి ఆమె తల్లికంటే ముందు ఆయనకే తెలిసింది. తెలియక చస్తుందా, కారు ఆపించి మరీ వాంతి చేసుకుంది. మరుసటి శనివారం ఆమె సీట్లో ఒక పొట్లం, అందులో పుల్లమామిడి ముక్కలు, ఉప్పూకారం.

జూలైలో బోనసు పడింది. మజహర్ షోరూంకి వెళ్ళి, "కమీషన్ మా పరశురాముడు గారికే పోవాలి," అన్నాడు దర్జాగా.

"ఆ పేరుగలవాళ్ళు మా దగ్గర ఎవరూ లేరు సార్."

శనివారం కారు ఎప్పటిలాగే బ్లాకు కింద ఆగింది. మాజిదా ఎక్కలేదు.

"అంకుల్, మీరు షోరూంల పనిచేస్తలేరట?"

"లేదమ్మా."

"మరి నాలుగు నెల్ల సంది చెప్పలేదేంది?"

"ఎవరడిగారమ్మా," అని నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆపేశాడు.

"ఈ కారు మీ సేటుదా? మీరు డ్రైవరా?"

ఆయన నోరు తెరిచేలోగా మజహర్ అందుకున్నాడు.

"సేటు కారేసుకొని ఊరంత తిప్పిన్రు! రేపు పోలీసులొస్తే నా నౌకరీ ఏం కావాలె? నా వర్క్ పాసు ఏం కావాలె?"

"మా అమ్మకు చెప్పని ముచ్చట్లు మీకు చెప్పిన," అంది మాజిదా. "లోపల నవ్వుకున్నరా? మీ సేటుకు తెలిస్తే ఏమంటడు?"

పరశురాముడు స్టీరింగు మీద చేతులు ఆనించాడు.

"ఆయనకు తెలుసమ్మా. ఆయనేమీ అనుకోడు."

"నేను అనుకుంట. ఇంక రాకుండ్రి."

"సరేనమ్మా. వేళకు తిను," అని కారు తిప్పుకున్నాడు.

మజహర్ నోటుబుక్కు తీసి, పదికి పది కొట్టేసి సున్నా పెట్టాడు.

శనివారాలు వస్తూనే ఉన్నాయి. కారు వచ్చే వేళ, మూడు కాగానే, మాజిదా విసురుగా కిటికీ మూసేది. మోసం చేసినందుకు ఒక కోపం, రావద్దంటే నిజంగానే రానందుకు ఇంకో కోపం.

మజహర్ మూడోసారికి లైసెన్సు గట్టెక్కాడు. ఈలోగా, ఇక్కడ కొత్తకారు కొనాలంటే సర్కారు దగ్గర విడిగా కొనుక్కోవాల్సిన పర్మిట్టు ధర చేయి దాటిపోయింది. డిసెంబరులో, ఎనిమిదో నెల కడుపుతో ఉన్న మాజిదాను వెంటబెట్టుకుని పాతకార్ల దుకాణానికి వెళ్ళాడు.

వరసలో మూడో కారు దగ్గర మాజిదా ఆగిపోయింది. అదే రంగు. అదే నంబరు.

"సేటు అమ్మేసినట్టున్నడు," అన్నాడు మజహర్. "డ్రైవర్ తిరుగుళ్ళు తెలిసి ఉంటయ్."

"అంటే అంకుల్ నౌకరీ పోయిందా?"

"పోనీ, మనకెందుకు?" అన్నాడు గానీ, ఆ మాట అతనికే రుచించలేదు.

కారు కొత్తదానిలాగే ఉంది. బేరం కుదిరింది. దుకాణంలోని చైనా అమ్మాయి కాగితాలు తెచ్చింది. మాట చివర 'లా' తగిలించడం ఇక్కడివాళ్ళ అలవాటు.

"గుడ్ కార్ లా! శనివారాలు తప్ప తీయలేదు."

మాజిదా ఉండబట్టలేకపోయింది. "దీని డ్రైవర్ ఇప్పుడెక్కడున్నారు?"

"డ్రైవరా? నో డ్రైవర్ లా. ఓనర్ అంకులే నడుపుకునేవారు. తనవాళ్ళను తిప్పడానికట. ఇప్పుడు వాళ్ళు రావడం లేదని అమ్మేశారు."

మజహర్ సంతకం చేసి కాగితం ఆమె వైపు జరిపాడు. అతని సంతకానికి పైన, అమ్మినవారి గడిలో, గుండ్రటి తెలుగు అక్షరాలతో 'పరశురాముడు' అని ఉంది.