వంద క్యాండిల్ బల్బు

“‘బాకీ పడితే నోటీసు లేకుండనే కరెంటు కట్ చెయ్యొచ్చు.’” మెదక్ కోర్టు ముందటి గదిల వకీలు వెస్లీ కొత్త చట్టం ముసాయిదా చదివి తలెత్తిండు. “మన అభ్యంతరం ఇయ్యాల్నే పంపాలె చంద్రకాంత్. దీంతోని ఏ హక్కు పోతదని రాద్దం?”

“చీకట్ల దోమలు కుడతయని రాయుండ్రి సార్,” గుమాస్తా చంద్రకాంత్ నవ్విండు.

గది ఊడుస్తున్న యాదవ్వ చీపురు ఆపింది.

“మొన్న చలికాలం మా ఇంటికి గట్లనే కట్ చేసిండ్రు సారూ. నేను కూలికి పోయొచ్చేసరికి మా అత్త వాకిట్ల నిలవడి ‘పోయింది, పోయింది’ అని ఏడుస్తున్నది. కరెంటుకు ఏడుసుడేంది, రేపొస్తది తియ్యి అత్తా అన్న.”

“వచ్చిందా మరి?” వెస్లీ అడిగిండు.

“కరెంటొచ్చింది. కట్ చేసిన్నాడు, నెలలు నిండక పుట్టిన నా బిడ్డను వంద క్యాండిల్ బల్బు కింద వెచ్చగ పండవెట్టి ఉంచినం. అత్త ఏడ్సింది బిడ్డ పోయిందని.”

చంద్రకాంత్ నవ్వు ఆగిపోయింది. వెస్లీ కాగితం మీద ‘బతికే హక్కు’ అని రాసిండు.

“ఇప్పుడు కరెంటున్నదా యాదవ్వా?” చంద్రకాంత్ మెల్లగ అడిగిండు.

“ఉన్నది. గా బల్బు పగలు సుత వెలుగుతనే ఉంటది.”

“పగలెందుకు?”

“ఆపితే బిడ్డ పండిన జాగ సల్లబడ్తది సారూ.”