బాన కడిగినవాడు

"ఇదేనా రావడం? తెల్లారేసరికి రమ్మంటే ఎండ నెత్తికెక్కాక వచ్చావు!"

గేటు దగ్గర నిలబడ్డ మనిషి వెనక్కి చూశాడు. వెనక ఎవరూ లేరు.

"నిన్నే తమ్ముడూ. జాజా పంపిన మనిషివేగా? చొక్కా విప్పు," అన్నాడు గివి.

"గివిగారి ఇల్లు ఇదే కదా? నేను వచ్చింది..."

"బాన కడగడానికి. తెలుసు. కబుర్లు భోజనాల దగ్గర."

గివి కుటుంబం వైన్ చేసే బాన అది. మూతిదాకా నేలలో పాతి ఉంది. పాత వైన్ నిన్ననే తోడేశారు. ఇక మనిషి లోపలికి దిగి తోమాలి. గివికి పొట్ట అడ్డం.

వచ్చినవాడు సన్నగా ఉన్నాడు. గివి భార్య ఎతేరి తోమడానికి ఇచ్చిన చెర్రీ బెరడు కుచ్చును అటూ ఇటూ తిప్పి చూశాడు. నవ్వి, నిచ్చెన దిగాడు.

"ఇదే మొదటిసారా ఏంటి?" పైనుంచి తొంగిచూసింది ఎతేరి.

"అవునక్కా."

"తెలుస్తూనే ఉంది. కుచ్చు తలకిందులుగా పట్టుకున్నావు."

మొదటి బకెట్ నీళ్లు ఎర్రగా వచ్చాయి. నాలుగోసారికి తేటపడ్డాయి. గివి గ్లాసు ముంచుకుని తాగాడు.

"కడిగిన నీళ్లు తాగుతున్నావేంటన్నా!" బానలోంచి గొంతు.

"నేను తాగలేకపోతే ఇందులోంచి పదిమందికి వైన్ ఎలా పోస్తాను? ఇంకా వాసనుంది. తోము."

ఆరోసారి తాగి తలూపాడు.

వాల్‌నట్ చెట్టు కింద బల్ల వేశారు. చిక్కుడు గింజల రొట్టె, పొగబెట్టిన మాంసం.

"అన్నా, నేను వచ్చిన పని..."

"ఆగు. ముందు పోయిన పెద్దల పేరు చెప్పి తాగాలి."

తాగారు. తర్వాత నేల పేరు. తర్వాత అతిథి పేరు.

"ఎతేరీ, బీరు తే."

"ఇప్పుడు బీరెందుకయ్యా?"

"పై తోట కొన్న దొర కోసం."

ఈ రాచా కొండల్లో కిట్టనివాళ్ల పేరు చెప్పి బీరే తాగుతారు, వైన్ కాదు.

"ఏం చేశాడు ఆయన?" అడిగాడు అతిథి.

"ఇంకా చెయ్యలేదు. వచ్చే వారం పురుగుమందు కొట్టిస్తాడట. పైన కొడితే గాలికి మా తీగల మీద పడుతుంది. పడిందా, మా ఆర్గానిక్ పత్రం రద్దు. పదకొండేళ్ల కష్టం."

"వెళ్లి అడగలేదా?"

"మొహమైనా చూడలేదు. దొరలు మన మాట వింటారా?"

అతిథి బీరు గ్లాసు పక్కకు జరిపాడు. వైన్ అందుకున్నాడు.

"ఆయన పేరు చెప్పి నేను ఇదే తాగుతానన్నా."

"వాడేమైనా నీ మేనమామా?"

ముగ్గురూ నవ్వారు. అతను గ్లాసు ఖాళీ చేసి లేచాడు. కూలి ఇవ్వబోతే, వైన్ ఇచ్చారుగా అన్నాడు. వచ్చిన పని చెప్పకుండానే వెళ్లిపోయాడు.

"మంచి పనివాడే. వేళకు రావడం నేర్చుకుంటే చాలు," అన్నాడు గివి.

గంట తర్వాత జాజా రొప్పుతూ వచ్చాడు.

"తిట్టకు బాబాయ్. ఆవు ఈనింది, మనిషిని పంపలేకపోయా. బాన ఏది? నేనే దిగుతా."

భార్యాభర్తలు మొహమొహాలు చూసుకున్నారు.

"మరి ఇందాక దిగిందెవరు?" అంది ఎతేరి. "సన్నగా, చేతులనిండా ఎర్ర మరకలు. నీకు దారిలో కనబడ్డాడా?"

"కనబడకేం పిన్నీ, పురుగుమందు డబ్బాలన్నీ తిరిగి లారీ ఎక్కించి పంపించేస్తున్నాడు, ఆయనే కదా పై తోట దొర!"