‘డే’నా, ‘టే’నా?

సమాధి రాయి మీద ‘దేవుడు ఒక్క’ దాకా చెక్కిన ముసలాయన ఉలి ఆపి, చెవి మీది పెన్సిల్ తీశాడు.

“ఇక్కడ ‘డే’నా, ‘టే’నా అమ్మా? కాగితం మీద సిరా అలుక్కుపోయింది.”

“ఒక్కడే,” అంది అత్తగారు. “ఆయన తప్ప ఇంకో దేవుడు లేడు. మావాడు అనే మాట అదే.”

“ఒక్కటే,” అంది కోడలు. “ఎవరు ఏ పేరుతో పిలిచినా దేవుడు ఒక్కటే. ఆయన అనేది అదీ, అత్తయ్యా.”

ఆమెకి పెళ్లయి ఏడు నెలలు. భర్త పోయి మూడు వారాలు. తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించింది.

“నాతో ఒక్కసారీ అలా అనలేదే!”

“నాతో రోజూ అనేవారు.”

“భలేవాడే! ఎవరికి నచ్చే మాట వాళ్లకి చెప్పి, చివరికి నన్ను ఇరికించాడు,” అని నవ్వబోయి, ముసలాయన నాలుక కరుచుకున్నాడు.

కోడలు రాతిపొడి వంక చూస్తూ నిలబడింది. వేరే మతం పిల్లని మురిపించడానికే ఆయన అలా అన్నాడేమో. ఆ ఏడు నెలలూ ఉత్త మాటలేనేమో. అలా అనుకున్నా ఆమెకి ఎక్కడా నొప్పి పుట్టలేదు.

“నీతో ఎలా అనేవాడు?” అత్తగారు మెల్లిగా అడిగింది.

“ఎలా అంటే... నవ్వుతూ. కూరలు తరుగుతూ, మధ్యలో నా జడ లాగుతూ.”

అత్తగారు రాయి మీది పొడిని అరచేత్తో తుడిచింది.

“నా దగ్గర తల దించుకుని అనేవాడు,” అంది. “అదీ నేను గట్టిగా అడిగినప్పుడే.”

తర్వాత ముసలాయన వైపు తిరిగింది.

“‘టే’ చెక్కండి, బాబాయ్.”